పైత్యం డాక్టరుగారి కుశలప్రశ్న

మా పైత్యం డాక్టరుగారు ఎవరు ఎదురైనా “కులాసాయేనా?” అని అడగరు. “ఇవాళ ఏ రంగు?” అని అడుగుతారు. ఏ రంగంటే, పొద్దున్నే మనం తలుపేసుకుని చేసే పని తాలూకు రంగు.

ఆయన ప్రయోగశాలలో నేను పదకొండేళ్లు టెక్నీషియన్‌గా పనిచేశాను. ఆయన పరిశోధించేది పైత్యరసం. ఆయన ధోరణీ పైత్యమే. రెంటికీ ఒక్క పేరే సరిపోతుందని ఆసుపత్రంతా కలిసి పెట్టిన పేరది.

ఓసారి గోడలకు రంగులేసే మేస్త్రి ఎదురయ్యాడు.

“ఇవాళ ఏ రంగు?”

“మీగడ రంగండి.”

డాక్టరుగారు హడలిపోయారు. “ఎన్నాళ్ల నుంచి?”

“నిన్నటి నుంచండి. ఇంకో రెండు పూతలు పడాలి.”

రంగు పాలిపోయిందంటే పైత్యరసం పేగులోకి దిగడం లేదని అర్థం. అసలు సంగతి తేలేలోపే మేస్త్రిని బల్లమీద పడుకోబెట్టి పొట్ట నొక్కేశారు.

డైరెక్టరుగారినీ వదల్లేదు, అదీ నిండు సమావేశంలో. ఆయన ఉడుక్కుని, “ముందు మీదేం రంగో చెప్పండి!” అన్నారు. మా డాక్టరుగారు చెవులదాకా ఎర్రబడి, “అదేమిటండీ, అది సొంత విషయం!” అన్నారు.

ఆ ఆసుపత్రిలోనే మా చెల్లెలు చీటీలు రాసే కౌంటర్లో కూర్చునేది. ఆర్నెల్లుగా చిక్కిపోతోంది, ఒకటే గోక్కుంటోంది. నేనడిగితే “వేడి చేసింది అన్నయ్యా” అని దాటేసేది. డాక్టరుగారు రోజూ అందరితోపాటు దాన్నీ రంగడిగేవారు, అది “మామూలేనండి” అని తప్పించుకునేది. నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

“ఆడపిల్లని పదిమందిలో అలా అడక్కండి సార్.”

“పదిమందినీ అడుగుతున్నానుగా!”

మర్నాడు మందుల కౌంటరాయన “గోధుమ” అన్నాడు. వాచ్‌మన్ “ఆకుపచ్చండి, నిన్నంతా ఆకుకూరే” అన్నాడు. వరస చెల్లెలి దగ్గరికొచ్చింది.

“ఎరుపు,” అంది తల దించుకుని. “నాలుగు నెలల నుంచి.”

ఎవరూ నవ్వలేదు. ఆయన కంగారూ పడలేదు. “సరే అమ్మా, చూద్దాం,” అన్నారు, గోధుమ రంగుకు చెప్పినట్టే.

పరీక్షల్లో పేగులో పుళ్లు, కాలేయంలో పైత్యనాళాల వాపు, రెండూ బయటపడ్డాయి. దాన్ని వార్డులో చేర్చుకున్నాక, మంచం పక్కనే డాక్టరుగారిని అడిగాను.

“రెండు జబ్బులా సార్?”

“రెండూ వియ్యంకులయ్యా. కాలేయం పైత్యరసంలో కొన్ని ఆమ్లాల్ని పేగుకి పంపుతుంది. అక్కడి సూక్ష్మజీవులు వాటిని మారుస్తాయి. ఒంటికి కాపలా కాసే కణాలు ఆ ఆమ్లాల తీరునిబట్టి చల్లబడనైనా చల్లబడతాయి, కర్ర పుచ్చుకునైనా లేస్తాయి. అవే ఆమ్లాలు మళ్లీ కాలేయానికి చేరతాయి. కబురు మోసేవాడు మాట మారిస్తే రెండిళ్లలోనూ రగడే. తగువు ఎక్కడ మొదలైందో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలీదు. పూర్తిగా పోయే జబ్బు కాదు గానీ, ఇప్పుడు దొరికింది కాబట్టి కాచుకోవచ్చు.”

“అది చిక్కిపోవడం, గోక్కోవడం చూసి మీకు ముందే అనుమానం వచ్చుంటుంది కదా! విడిగా పిలిచి అడగొచ్చుగా?”

“అడిగాను. కళ్లనీళ్లు పెట్టుకుని ‘ఏం లేదండి’ అంది. సిగ్గు సంగతి నాకు తెలీదా? దాచేవాళ్లు వందలో ఒకరుంటారు. ఆ ఒక్కరూ ఎవరో ముందుగా తెలీదు. అందుకని వందమందికీ సిగ్గు పోగొడదామని, ముప్పై ఏళ్లుగా ఈ పైత్యం!”

మంచం మీదున్న చెల్లెలు ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని ఆర్నెల్లయింది.

అన్నాళ్లూ ఆయన్ని లోలోపల తిట్టుకున్నందుకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ మాటా ఆయనతోనే చెప్పేశాను.

“చెప్పేశావుగా, ఇక తగ్గిపోతుంది,” అన్నారు.