మంచుకొండ మీద మస్తాన్ భాయ్

తడిసిన ఉన్ని సాక్సులను హీటరు మీద ఆరేస్తే అదో రకమైన ముక్కిన వాసన వస్తుంది. బయట షార్జా ఎండకి తారు మెత్తబడుతుంటే, మేం హీటరు చుట్టూ చేతులు చాచి కూర్చుంటాం. ఊళ్ళో ఈ మాట చెబితే "దుబాయ్‌ల హీటరేందిరా?" అని నవ్వుతారు. నవ్వనీ. మాది చేపలూ మాంసమూ దాచే కోల్డ్ స్టోర్. లోపల మైనస్ ఇరవై రెండు. ఫ్రీజరులో అరగంట పని, పావుగంట ఈ వెచ్చటి గదిలో విశ్రాంతి. నిన్న ఆ వాసన తగలగానే మస్తాన్ భాయ్ గుర్తొచ్చాడు. చేతిలో చాయ్ చల్లారిపోయింది, తాగబుద్ధి కాలేదు.

ఆయనది నెల్లూరు దగ్గర పల్లె. మా సూపర్‌వైజర్. లాక్‌డౌన్‌లో నా కన్‌స్ట్రక్షన్ పని పోయి, 2020 చివర్లో నేను ఈ స్టోర్‌లో చేరేనాటికి ఆయన అక్కడ ఇరవయ్యేళ్ళుగా పని చేస్తున్న మనిషి. లోపల ఒక్కడున్నా సరే, ఆయన తలుపు దగ్గర్నుంచి కదిలేవాడు కాదు. చేతి గడియారం చూసుకుంటూ నిలబడి, అరగంట కాగానే పేరుపేరునా కేకేసి బయటికి రప్పించేవాడు. మొదటిరోజే నేను గొప్పకి పోయి, కేక విననట్టు లోపలే ఉండిపోయాను. ఆయన వచ్చి కాలరు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు.

"ఏందిరా, ఈడ మొగతనం చూపించేదానికి వచ్చినావా? వేళ్ళు నొప్పి పుడతుండాయా?"

"ఇప్పుడు లేదు భాయ్. ఇందాక ఉండె, పోయింది."

"పోయిందా? ఒరేయ్ పిచ్చోడా, నొప్పి ఉన్నంతసేపూ భయంలేదు. పోయిందంటేనే భయపడాల!"

నా చేతుల్ని తన చంకల్లో పెట్టుకుని, ప్రాణం తిరిగొచ్చేదాకా తిడుతూనే ఉన్నాడు. మా నాన్న కూడా నన్నెప్పుడూ అంత దగ్గరికి తీసుకోలేదు. ఆ తరవాత ఫోర్క్‌లిఫ్ట్ నేర్పించాడు. ఇంగ్లీషులో లాగ్‌బుక్ రాయడం నేర్పించాడు. తప్పు రాస్తే పేజీ మొత్తం మళ్ళీ రాయించేవాడు. నాకు ముక్కుమీద కోపం. పెన్ను విసిరేసేవాణ్ణి. ఆయనే వంగి తీసిచ్చి, "కోపం అయిపోయిందా? యల్లా, రాయి" అనేవాడు. చివరికి నన్ను స్టాఫ్ చెయ్యమని ముదీర్‌కి, అంటే మా మేనేజరుకి, సిఫారసు రాసింది కూడా ఆయనే. స్టాఫ్ వీసా వస్తే నా భార్యనీ పాపనీ తెచ్చుకోవచ్చు. అల్ నహ్దాలో గది కూడా చూసి పెట్టుకున్నాను.

2023 జనవరిలో, మాకు చేపలు పంపే జపాన్ వాళ్ళు పని చూసి వెళ్ళమని ఇద్దరిని పిలిచారు. ముదీర్ మస్తాన్ భాయ్‌ని పంపాడు, మస్తాన్ భాయ్ నన్ను వెంటబెట్టుకున్నాడు. వారం పని అయ్యాక ఒకరోజు ఖాళీ దొరికింది. ఊరి వెనకే మంచుకొండలు. పొద్దున్నే బయల్దేరి పైన కనుమ దాకా నడిచి, చీకటి పడేలోగా దిగిరావచ్చని మేం దిగిన సత్రం నడిపే పెద్దావిడ చెప్పింది. దారి పొడవునా ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతి ఉంటాయట. మేఘం దిగితే మాత్రం ఎక్కడున్నా వెనక్కి తిరగమంది. మా కాళ్ళకున్న కోల్డ్ స్టోర్ రబ్బరు బూట్లు చూసి తల అడ్డంగా ఊపింది. మంచులో నడిచే బూట్లు రెండు జతలు తెచ్చి మా ముందు పెట్టింది.

మస్తాన్ భాయ్ అప్పటికే వంగి ఒక జత అందుకున్నాడు. నేను పకపకా నవ్వాను.

"ఏంది భాయ్, ఇజ్జత్ తీస్తవా? బయట మైనస్ ఎనిమిదే. మనం రోజూ మైనస్ ఇరవై రెండుల బతికేటోళ్ళం!"

ఆయన నా మొహం చూసి, ఆవిడ మొహం చూసి, ఆ బూట్లు కింద పెట్టేశాడు. పరాయి మనిషి ముందు నా మాట తీసెయ్యడం ఇష్టంలేక అలా చేశాడని నాకప్పుడే తెలుసు. ఆయనకి షుగరుందని కూడా తెలుసు. మా బూట్లు నిలబడి పెట్టెలు సర్దేవాళ్ళ బూట్లు. అందులో గాలి ఆడదు, అరగంట కాగానే విప్పి సాక్సులు ఆరబెట్టుకోవాలి. కొండ మీద వెచ్చటి గది ఎక్కడుంది? ఇంత చిన్న సంగతి నా మట్టిబుర్రకి తట్టలేదు.

మొదటి మూడు గంటలూ హాయిగా గడిచాయి. దేవదారు చెట్ల కొమ్మల మీంచి మంచు జారిపడుతుంటే మస్తాన్ భాయ్ చిన్నపిల్లాడిలా నవ్వాడు. నమాజ్ వేళకి నేను ఒక బండ మీద మంచు తుడిచి నా జాకెట్టు పరిస్తే, దాని మీదే చదువుకున్నాడు. ఇంటికి వీడియో కాల్ చేసి, "ఇదో చూడండి, మన ఫ్రీజరుకి పైకప్పు లేచిపోయింది!" అన్నాడు. ఆ తరవాత చెట్లు అయిపోయాయి. గాలి మొదలైంది. ఎక్కుతూ ఎక్కుతూ పట్టిన చెమటకి బూట్ల లోపల సాక్సులు తడిసి ముద్దయ్యాయి. మధ్యాహ్నానికి మేఘం కిందికి దిగింది.

"చాల్లే గంగా. పోదాం పద, దిగుదాం" అన్నాడు.

"కనుమ ఇగ వచ్చినట్టే భాయ్. ఇంకో పావుగంట, గంతే."

"నా కాళ్ళు నాకు తెలవడంలా అబ్బయ్యా."

ఆ మాట నేను విన్నాను. విననట్టు ఉండటానికి గాలి చప్పుడు సాకుగా దొరికింది. "నువ్వు దిగు భాయ్, నేను జూసొస్త" అని విసురుగా ముందుకు నడిచాను. లోపల మనిషి ఉండగా తలుపు వదిలి వెళ్ళని మనిషి ఆయన. నన్ను వదిలి ఎలా దిగుతాడు? నా వెనకే వచ్చాడు. ఆ పావుగంట గంటన్నరైంది. కనుమ మీద తెల్లటి మేఘం తప్ప ఏమీ కనిపించలేదు.

దిగేటప్పుడు ఆయన రెండుసార్లు పడ్డాడు. "నొప్పి ఎట్లుంది భాయ్?" అని అడిగాను. "నొప్పేం లేదులే" అన్నాడు. చివరి రెండు గంటలూ నా భుజం మీద వాల్చుకుని దించాను. సత్రం పెద్దావిడ బూటు కోసి తీసింది. వేళ్ళు మైనం ముద్దల్లా ఉన్నాయి. నా కాళ్ళకి పొక్కులు లేచి మానిపోయాయి. ఆయన కుడికాలికి మూడు వేళ్ళు తీసేశారు. ఇక చలిలో పని చెయ్యకూడదని డాక్టరు రాసిచ్చాడు.

షార్జా వచ్చాక ముదీర్ ఇద్దర్నీ పిలిచాడు. ఆయన బల్ల మీద నా స్టాఫ్ వీసా కాగితాలున్నాయి.

"మేఘం వచ్చాక కూడా ఎందుకెక్కారు? కిస్‌కా ఫైసలా థా?"

నేను నోరు తెరిచేలోగా మస్తాన్ భాయ్ అందుకున్నాడు. "నిర్ణయం నాదే సార్. గంగాధర్ వద్దు వద్దన్నాడు. నేనే వినలేదు." అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. నేను కిక్కురుమనలేదు. కాగితాల మీదున్న నా ఫోటో చూస్తూ నిలబడ్డాను.

బయటికొచ్చాక ఏడుపొచ్చింది. "గట్లెందుకు జెప్పినవ్ భాయ్?"

"నా పని ఖలాస్ అయిపోయింది గదా. నీది గూడా పోతే ఎవురికి లాభం?"

ఆయన నెల్లూరు వెళ్ళిపోయాడు. సూపర్‌వైజర్ పని నాకిచ్చారు. నా భార్యా పాపా వచ్చారు. వారానికోసారి ఫోన్ చేసేవాణ్ణి. ఆయన నా పాప సంగతి అడిగేవాడు, కాలి సంగతి నేను అడిగేవాణ్ణి కాదు. రెండేళ్ళు అలా గడిచాక ఉండబట్టలేక అన్నాను, "ముదీర్‌కి నిజం జెప్పేస్త భాయ్. ఏమైతే గదైతది."

"ఆ పని మాత్రం చెయ్యబాక గంగా!" మొదటిసారి ఆయన గొంతులో భయం విన్నాను. "ఇరవయ్యేళ్ళు నేను రాసిందాన్ని ఆ ఆఫీసులో ఒక్కడు గూడా తిరిగి చూళ్ళా, మస్తాన్ రాసినాడంటే నిజమే అనుకున్నారు. ఇప్పుడు నువ్వు చెప్తే అబద్ధం చెప్పినోణ్ణి నేనవుతా. ఆ పేరైనా నాకు ఉండనీ."

నేను భయపడి మూసుకున్న నోటిని ఆయన మాట కోసం మూసుకునే ఉంచాను. మొన్న రంజాన్ నెలలో ఆయన పోయాడు. వాళ్ళమ్మాయి ఫోన్‌లో చెబుతుంటే, ఇక నన్ను క్షమించమని అడగడానికి మనిషే లేడని తెలిసొచ్చింది.

నిన్న ఆ చల్లారిన చాయ్ హీటరు పక్కనే వదిలేసి, ఇక మొయ్యలేక ముదీర్ గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. "మస్తాన్ అలా రాయడే!" అన్నాడు ముదీర్. రాశాడు. రాయించింది నేను. మస్తాన్ భాయ్ నన్నడిగిన ఒక్క కోరికా కాదన్నాను. ఆయన పేరు కాపాడటమో, నా తప్పు ఒప్పుకోవడమో, ఏది చేసినా ఆయనకే అన్యాయం జరిగేలా చేసి పెట్టుకున్నాను.