దేవాంగపిల్లి దాటిన వెదురు గడ

ఈ ఉదయం చింతామణి మండీలో కొత్త చింతపండు రాశి పోశారు. ఆ పులుపు వాసన ముక్కుకు తగలగానే నాగరత్నమ్మగారు గుర్తొచ్చారు. చుట్టుపక్కల ఊళ్లలో చింతతోపులు గుత్తకు తీసుకుని కాయ రాల్పించే వ్యాపారి ఆమె. గొంతు పెంచకుండానే ఇరవైమంది కూలీలను నడిపించేవారు. పదేళ్లపాటు నేను ఆమె దగ్గర ట్రాక్టరు తోలాను, తోపుల్లో పని చూసుకున్నాను.

ఒకసారి పేరేసంద్ర దగ్గరి తోపులో పని జరుగుతోంది. ట్రాక్టరుకు అడ్డమొస్తున్నాయని, ఒక చింతచెట్టుకూ పక్కనున్న కానుగకూ మధ్య అల్లుకున్న కొమ్మల్ని ఆమెను అడగకుండానే నరికించాను. తీగలతో సహా కిందపడ్డ కొమ్మలో ఏదో కదిలింది. పిడికిట్లో పట్టేంత కూన. ముఖమంతా కళ్లే. పుల్లల్లాంటి చేతులతో రెమ్మను కరుచుకుని ఉంది. దేవాంగపిల్లి పిల్ల అది; పేరుకే పిల్లి, నిజానికి కోతులకు చుట్టం.

చెట్లెక్కే వెంకటరవణప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. "ముట్టుకోవద్దన్నా, అపశకునం. మంత్రాలు చేసేవాళ్లు వీటికోసం తిరుగుతాంటారు. వాళ్లకిచ్చేస్తే పీడ పోతాది" అన్నాడు.

నాకు జాలేసింది. ఇంటికి తీసుకెళ్లి పాలు పట్టి పెంచుదామనుకున్నాను. ఇంతలో నాగరత్నమ్మగారు వచ్చారు.

"ఎవురికీ ఇచ్చేది లేదు, యాడికీ తీసకపోయేది లేదు. దాని తల్లి యాడుండాదో చూడప్పా" అన్నారు.

వెతికితే కానుగ ఆకుల మధ్య గుండ్రటి కళ్లు రెండు కనిపించాయి. తల్లి కొమ్మ చివరిదాకా వచ్చి, చేయి చాపి, పట్టు దొరక్క వెనక్కి పోతోంది. ఆ జాతికి దూకడం రాదు. కొమ్మ తర్వాత కొమ్మ పట్టుకుంటూ నడవాల్సిందే. దాని దారిని నరికింది నేనేనని అప్పుడు అర్థమైంది.

"తప్పయిందమ్మా" అన్నాను.

"తప్పు సంగతి తర్వాత. కాయ దులిపే వెదురు గడలు రెండు తీసకరా."

రెండు గడల్నీ జత చేసి చెట్టుకూ చెట్టుకూ మధ్య తాళ్లతో కట్టాం. కూనను దగ్గరికే తీసుకెళ్తే తల్లి బెదిరి పారిపోతుందని, నేనే చింతచెట్టెక్కి దాన్ని రెమ్మతో సహా కొమ్మ మీద పెట్టాను. అందరం దూరంగా జరిగి కూర్చున్నాం. పొద్దు గూకింది. తల్లి గడ మీద ఒక చేయి వేసి తీసేసింది. మళ్లీ వేసింది. చేయి మార్చి చేయి, కాలు మార్చి కాలు, నిదానంగా దాటింది. కూన తల్లి పొట్టను కరుచుకుంది.

"మన బిడ్డల మాదిరే పట్టుకుండాదే!" అన్నాడు వెంకటరవణప్ప.

తిరిగొచ్చేటప్పుడు నాగరత్నమ్మగారు నన్ను తిట్టలేదు. "అది చీమలూ పురుగులూ తిని బతుకుతాది, మన కాయ ముట్టదు. కొమ్మా కొమ్మా కలిసుంటే చాలు దానికి" అన్నారు. మర్నాడు తోపు యజమాని ఇంటికి వెళ్లి, తోపు గట్టునున్న కానుగ వరుసను కొట్టేయనని మాట తీసుకున్నారు. మరుసటేడు గోనెసంచితో ఇద్దరు మనుషులు వాటిని వెతుక్కుంటూ వస్తే వెంకటరవణప్పే తరిమేశాడు, అరణ్య ఇలాఖెకు, అంటే అటవీశాఖ వాళ్లకు, ఫోన్ కూడా చేయించాడు. ఆ తోపులో దేవాంగపిల్లులు ఇప్పటికీ ఉన్నాయి.

ఇప్పుడు ఆమె లేరు. తోపులు నేను గుత్తకు తీసుకుంటున్నాను. ఏ కొమ్మయినా నరికించే ముందు అది పక్క చెట్టును తాకుతోందేమో చూస్తాను. తాకుతుంటే ట్రాక్టరును బయటే ఆపి మూటలు మోయిస్తాను. కూలీలు గొణుగుతారు. వాళ్లతోపాటు నేనూ ఒక మూట భుజాన వేసుకుంటాను.