పెరుగన్నం పక్కన ఇంకో గిన్నె

తెలంగాణ కోసం సకల జనులూ సమ్మెలో ఉన్న రోజుల్లో మా ఇంటికి పాలు రావడం ఆగిపోయింది. సమ్మె వల్ల కాదు, మేమే వద్దనుకున్నాం.

మాది కోరుట్ల. నా బిడ్డకు అప్పుడు ఆరేళ్లు. ఆటిజం అని డాక్టర్లు చెప్పి ఎంతో కాలం కాలేదు. మాటలు పెద్దగా లేవు. చల్లారిన తెల్లన్నంలో గడ్డపెరుగు, కరకరలాడే ఆలుగడ్డ వేపుడు, ఒకే రకం బిస్కెట్లు, అరటిపండు తప్ప ఇంకేదీ తినేది కాదు. అన్నానికి కాస్త పసుపు అంటినా పళ్లెం తోసేసేది. లోపల మటన్ ఉడుకుతుంటే ఓకరించుకుంటూ వాకిట్లోకి పరుగెత్తేది.

ఒకరోజు సిరిసిల్ల నుంచి మా ఆడపడుచు వచ్చింది. "పాలు, పెరుగు, గోధుమపిండి బంద్ చేస్తే పిల్లలకు మాటలస్తయట వదినా. మాదిక్కు ఎవలో చేసిండ్రట" అంది. మాటలు అనేసరికి ఇంటిల్లిపాదిమీ ఆశపడ్డాం. పిల్ల ముందర మనం తాగితే బాగుండదని అత్తమ్మ పాలవాణ్ణి రావద్దంది. పొద్దున లేస్తూనే చాయ్ కావాలనే మనిషి, తనూ మానేసింది.

పెరుగు, బిస్కెట్లు పోయేసరికి పిల్ల మిగిలినవీ ముట్టకుండా తిండి మానేసింది. పప్పన్నం పెడితే నోరు బిగించుకుంది. అత్తమ్మ ఒళ్లో అదిమి పట్టుకుని ఒక ముద్ద పెట్టింది. వెంటనే వాంతి చేసుకుంది. ఆ తర్వాత నానమ్మ చెయ్యి కనిపిస్తే చాలు, తల తిప్పుకునేది. "ఆకలైతే అదే తింటది" అన్నారు అందరూ. ఆకలైంది. అయినా తినలేదు. ఒక మధ్యాహ్నం తనే ఫ్రిజ్ తెరిచి, ఖాళీ పెరుగుగిన్నె తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నా చెయ్యి పట్టుకుని ఆ గిన్నెలోకి నెట్టింది.

మాటల కోసం చూస్తున్నాం కదా, ఇంతకంటే తేటగా ఎవరు చెబుతారు? లేచి, మేం ఖాలా అని పిలిచే పక్కింటామె దగ్గరికి వెళ్లి పెరుగు తెచ్చాను. గిన్నె గీకి మరీ తింది.

మా ఆయన జగిత్యాలలో సర్కారు ఆఫీసు ఉద్యోగి. సమ్మె కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. "ఎవ్వల్ని అడగకుంట ఎట్ల పెట్టినవ్?" అన్నాడు.

"బిడ్డ అడిగింది, నేను పెట్టిన" అన్నాను. "రేపు జగిత్యాల పోదాం. డాక్టర్ వద్దంటె అప్పుడు ఆలోచన చేద్దాం."

బస్సులు లేవు. ముగ్గురం బండి మీదే వెళ్లాం. పిల్లల డాక్టరు పెద్దాయన. బరువు చూసి, పాలు తాగితే కడుపునొప్పి గాని దద్దుర్లు గాని వస్తున్నాయా అని అడిగాడు. ఎప్పుడూ రాలేదన్నాను.

"తినేటియే గిన్ని రకాలుంటె, అండ్ల నుంచి గుంజుకుంటే ఎట్లమ్మా? తినేది తియ్యకుండ్రి. దాని పక్కన ఇంకో గిన్నెల మీరు తినేది జరంత పెట్టుండ్రి. తినుమని అనొద్దు. ముట్టకున్నా మంచిదే, అలవాటు కానియ్యుండ్రి."

ఇంటికొచ్చి చెప్పాం. అత్తమ్మ "అయితే రేపటి నుంచి నా చాయ్ నాకచ్చినట్టే" అని నవ్వింది. ఆ రోజు నుంచి మటన్ వంట పెరట్లోకి మారింది. కలిపిన అన్నం పిల్ల ముందుకు రాలేదు.

అంతలోనే సమ్మెలో భాగంగా మా చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, అన్నం వండే పెద్ద పెద్ద గంజులు. డప్పుల మోత పిల్లకు పడదని, దూరంగా ఒక మూసిన దుకాణం మెట్ల మీద కూర్చున్నాం. మా వాడకట్టు ఆమె ఒకతె పప్పన్నం పళ్లెంతో వచ్చి, "గింత పిల్లను పస్తుంచుతరా? నేను తినిపిస్త సూడు" అంటూ ముద్ద చేసింది.

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ ఆమె చెయ్యి ఆపింది. "వద్దు బిడ్డా. మా పిల్లకు కలిపిన బువ్వ పడది. పొగరు కాదు, దాని పానమే అసొంటిది. దానిది మేం తెచ్చుకున్నం."

టిఫిన్ డబ్బా తెరిచి పెరుగన్నం పెట్టింది. ఆ పళ్లెంలోంచి కాస్త పప్పు తీసి, వేరే ఆకులో పక్కన ఉంచింది. పిల్ల పెరుగన్నం తింటూ పప్పు వంక ఒకసారి చూసింది. ముట్టలేదు.

"సూసింది, సాలు" అంది అత్తమ్మ.

పప్పు ఇప్పటికీ ముట్టదు. కానీ ఆ చలికాలం అత్తమ్మ బియ్యప్పిండి తట్టి సర్వపిండి చేస్తుంటే, మాడి కరకరలాడే అంచును తనే విరిచింది. ఆ చప్పుడు నచ్చిందేమో, ఇంకోసారి విరిచి, కొరికింది. ఎవ్వరం చప్పట్లు కొట్టలేదు. అత్తమ్మ మాత్రం ఇంకొకటి పెనం మీద వేసింది. తర్వాత ఏళ్లలో మక్కగారెలు వచ్చాయి, వేయించిన పల్లీలు వచ్చాయి, అన్నీ తన ఇష్టప్రకారమే.

ఇప్పుడు పెద్దదైంది. మొన్న జగిత్యాలలో ఒక పెళ్లికి వెళ్లాం. బంతిలో కూర్చున్నాక వడ్డించే అతను సాంబారు గరిటె ఎత్తాడు. నా బిడ్డ పళ్లెం మీద అరచెయ్యి అడ్డంపెట్టి, అతని వైపు చూడకుండానే, "నాకద్దు, పెరుగు తే" అంది. అతను తెచ్చాడు. నేను నా భోజనం చేశాను.