పచ్చాకు గిలకలు

నాకు పద్నాలుగేళ్లప్పుడు ఒకామె మీద పగబట్టాను. తీర్చుకున్నాను కూడా. ముసలితనం వచ్చింది కదా, ఇప్పుడైనా బాధగా ఉందా అని మా వాళ్లు అడుగుతుంటారు. ఆమె విషయంలో లేదు.

మాది పుదుచ్చేరిలో ఒర్లియంపేట. తాతల నాడు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, ఊరి మీద ఎగిరే జెండా ఫ్రెంచివాళ్లది. అమ్మా నాయనా ఇద్దరూ నూలుమిల్లులో కూలికి పోయేవాళ్లు. మా వీధి చివరి మేడింట్లో దొరల ఆఫీసు గుమాస్తా భార్య ఉండేది. ఫ్రెంచి గడగడా మాట్లాడేది. అందరం ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లం.

ఆదివారం మధ్యాహ్నాలు అక్క వీధిలోని ఆడపిల్లల్ని పన్నెండు మందిని తన వరండాలో కూర్చోబెట్టుకుని చేతిపనులు నేర్పేది. ఖర్చులేని పనులే. చీరపేలికలతో బొమ్మలు, కొబ్బరిచిప్పలతో గిన్నెలు, రంగుకాగితాల పూలు. జిగురు కావాలంటే చింతగింజల పిండి ఉడకబెట్టేవాళ్లం. ఆ వరండా కోసం నేను వారమంతా కాచుకునేదాన్ని. అక్క నా పని చూసి "బాగుంది పాపా" అంటే ఆ మాట మంగళవారం దాకా చెవుల్లో ఉండేది. ఆమె అంటే అంత ప్రేమ కాబట్టే కోపం కూడా అంత వచ్చిందేమో.

ఒక ఆదివారం నేను పసిపిల్లలు ఆడుకునే తాటాకు గిలక తీసుకెళ్లాను. మా అవ్వ నేర్పిన పని అది. లేత ఆకును సన్నగా చీల్చి, ఉప్పునీళ్లలో ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, అప్పుడు అల్లాలి. చిన్న పెట్టెలా అల్లుకొచ్చి, మూతి మూసేముందు లోపల నాలుగు చింతగింజలు వేస్తే, ఊపినప్పుడల్లా గలగలమంటుంది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన దగ్గరే ఉంచమంది. సంతోషంగా ఇచ్చేశాను.

మరుసటి వారం ఒక దొరసాని మా పనులు చూడడానికి వచ్చింది. ఆమె బండి వీధి మలుపు తిరగగానే అక్క నన్ను పక్కకు పిలిచింది.

"నువ్వు వంటింట్లో ఉండు పాపా. మీయమ్మ మిల్లు చీర చించి కుట్టిన నూనె మరకల పావడ ఏసుకోనొచ్చినావు. మదాం చూస్తే ఏమనుకుంటాది?"

వంటింటి కిటికీ చువ్వల్లోంచి చూశాను. దొరసాని బల్ల మీది వస్తువులన్నీ దాటి నా గిలకే చేతికి తీసుకుంది. ఊపింది, నవ్వింది, ఏదో అడిగింది. అక్క తల వంచి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. నాకు ఫ్రెంచి రాదు. కానీ ఆ చెయ్యి ఏం చెబుతోందో తెలుసుకోవడానికి ఏ భాషా అక్కర్లేదు.

దొరసాని వెళ్లాక అక్క వంటింట్లోకి వచ్చి నా చేతిలో ఒక బిస్కత్తు పెట్టింది. "జులైలో దొరల జెండా పండగకు పిల్లోళ్లకు పంచాలంట. నూరు గిలకలు కావాలంట. నువ్వే అందరికీ నేర్పాల" అంది. బిస్కత్తును దోవలో కాకులకు వేశాను. ఇల్లు చేరేలోపే ఏం చెయ్యాలో తేల్చుకున్నాను.

తరవాతి ఆదివారం కల్లుగీసే ఆయన లేత ఆకు మోపు తెచ్చి వరండాలో వేశాడు.

"దీన్ని ఉడకబెట్టాల్నా?" అని అడిగింది అక్క.

"వద్దక్కా. పచ్చాకైతేనే నిగనిగలాడతాది" అన్నాను.

ఆమె నమ్మింది. పండగకు ఇంకా వారం ఉందనగా రెండు రోజులు కూర్చుని నూరూ అల్లేశాం. అక్క వాటిని పెద్ద పళ్లెంలో పేర్పించి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, పండగ దాకా అలాగే ఉంచింది. మా పక్కింటి పిల్లది అందరికంటే మంచి చెయ్యి. మెత్తని మనిషి, నా నేస్తం. తను అల్లిన గిలకలు చూసి అక్క మురిసిపోయి, పండగనాడు పళ్లెం పట్టుకునే పని తనకే అప్పగించింది. నా నేస్తం ఆ మాట చెబుతూ నా చేతులు పట్టుకుని గంతులేసింది. నేనూ నవ్వాను. పళ్లెం ఎవరి చేతుల్లో ఉంటుందో అప్పుడే తెలిసింది నాకు. అయినా నోరు విప్పలేదు.

అవ్వ నా వేళ్లకంటిన పచ్చటి పసరు చూసింది.

"పచ్చాకుతో అల్లినారామే? ఈ ఎండకు నాలుగు దినాల్లో నోళ్లు తెరుస్తాయే! పోయి చెప్పిరా."

"చెప్తాలే" అన్నాను. వెళ్లలేదు.

పండగనాడు పొద్దున సముద్రపు ఒడ్డున పందిరి వేశారు. దొరలు, దొరసానులు, బడిపిల్లలు, బాండు మేళం. అక్క పట్టుచీర కట్టుకుని దొరసాని పక్కన నిలబడింది. నా నేస్తం పళ్లెంతో ముందుకు నడిచింది. పైన కప్పిన గుడ్డ తీశారు. గిలకలు పాలిపోయి, ముడుచుకుని, మూతులు విచ్చుకుని ఉన్నాయి. ఒక దొరల పిల్లాడు ఒకటి తీసి ఊపాడు. గింజలు వాడి బూట్ల మీద పడ్డాయి. ఇంకొకరు తీశారు. అదీ అంతే. పిల్లలు నవ్వుతూ, కావాలనే ఊపి గింజలు రాల్చడం మొదలుపెట్టారు. అక్క ముఖం ఎర్రబడి, తరవాత తెల్లబోయింది. నేను జనంలో నిలబడి ఆ ముఖాన్ని కడుపునిండా చూశాను.

అప్పుడు అక్క చెయ్యి లేచింది. నా నేస్తం చెంప పగిలేలా కొట్టింది.

"ఏం చేసినావే?"

పళ్లెం కిందపడింది. నేను జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్లాను.

"దాన్ని కొట్టొద్దు. నేనే చేసినా. ఉడకబెట్టాలని తెలిసే, వద్దని చెప్పినా."

"ఎందుకే?" అంది అక్క.

"నా గిలకను నీ చేత్తో చేసినట్టు మదాంకు చెప్పినావు కదా. నీ చేత్తో చేసినదయితే నీకు తెలియాల గదా."

దొరసాని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, అక్కను ఏదో అడిగింది. ఈ పిల్ల ఏమంటోంది అనే అయ్యుంటుంది. అక్క నోరు తెరిచింది, మూసింది. నా మాట ఫ్రెంచిలో చెప్పాలంటే తన అబద్ధం కూడా చెప్పాలి. దొరసాని మళ్లీ అడిగింది. గడగడా మాట్లాడే అక్కకు ఒక్క మాట రాలేదు. ఎంతసేపు నిలబడ్డామో గుర్తులేదు. నాకు మాత్రం ఇంకాసేపు అలాగే నిలబడితే బాగుండుననిపించింది.

ఆ తరవాత వరండాలో ఆదివారాలు లేవు. అక్క నాకెదురైతే వీధికి అవతలి పక్కకు జరిగేది. జరగనీ అనుకునేదాన్ని.

నా నేస్తం వారం రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. వచ్చిన రోజు వాళ్ల గడప దగ్గర నిలబడి అడిగింది.

"పళ్లెం నా చేతిలో ఉంటాదని నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"అయినా చెప్పలా?"

తను లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మరుసటేడు ఇద్దరం మిల్లులో ఒకే వరసలో పనికి కుదిరాం. తెగిన పోగు ముడి వెయ్యమంటే వేసేది, మంచినీళ్లు అడిగితే ఇచ్చేది. అంతకు మించి ఒక్క మాట కలపడానికి తనకు రెండేళ్లు పట్టింది.