బీరువాలో డిక్కీ షాకర్లు

మా నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత స్టేషన్ వ్యాగన్‌కు డిక్కీ తలుపు నిలబడేది కాదు. పైకెత్తి వదిలితే కాసేపు ఆగి, మెల్లగా దిగుతూ దిగుతూ, చివరి మూరెడు మాత్రం దబ్బున పడేది. ఆ తలుపును రెండు పక్కలా మోసే సన్నటి గొట్టాలుంటాయి. మెకానిక్కులు వాటిని డిక్కీ షాకర్లంటారు. వాటిలో గ్యాసు పోయింది. అంత పాత మోడల్‌కు కొత్తవి వరంగల్‌లో ఎక్కడా లేవన్నారు.

మాది కొత్తవాడలో షత్రంజీల వ్యాపారం. నేల మీద పరిచే మందపాటి జంపఖానాలను మా వైపు షత్రంజీలంటాం. వారానికి మూడు నాలుగుసార్లు వాటి కట్టలు కారు వెనక నింపాలి. మొదట్లో డిక్కీ తలుపుకు పాత మగ్గం కర్ర ఒకటి ఆనించేవాళ్ళం. ఒకరోజు కట్ట తగిలి కర్ర జారింది, తలుపు వచ్చి నాన్న మెడ మీద పడింది. వారం రోజులు ఆయన మెడ తిప్పలేకపోయాడు. ఆ తర్వాత కర్ర మాటెత్తితే చాలు, ఇంతెత్తున లేచేవాడు. మనిషే పట్టుకోవాలన్నాడు.

ఆ మనిషి మా ఆయన.

ఆయనది ములుగు. పెళ్ళప్పటికి సొంత జీపు ఉండేది, అడవి ఊళ్ళకు జనాన్ని తిప్పేవాడు. అది నడవక అమ్మేశాక మా ఇంటికే వచ్చి ఉన్నాం. నాన్న కారు నడిపేది ఆయనే, కొన్నవాళ్ళ దగ్గర కట్టలు దించేది ఆయనే. పొడుగు మనిషి. చేతులెత్తితే డిక్కీ తలుపు సరిగ్గా అరచేతుల్లోకి వచ్చి కూర్చునేది. దేవుడు కొలత తీసుకునే అల్లుణ్ణి పంపాడని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. ఆ మాట పాతబడ్డాక పేరు పెట్టాడు. గుంజ.

"మా గుంజ ఏడి బిడ్డా, జర పిలువు" అనేవాడు నాతో. మొదటిసారి ఆ పేరు విని అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మా ఆయన కూడా నవ్వాడు. అల్లుడి మీద ఆ మాత్రం పరాచికాలు ఏ ఇంట్లోనైనా ఉండేవే అనుకుని ఉంటాడు.

నాన్నకు తొందరన్నది తెలియదు. పనివాళ్ళతో ఒక కట్ట ఎక్కించి, రంగు నచ్చక దింపించి, ఇంకోటి తెప్పించి, మధ్యలో ఫోను వస్తే మాట్లాడుకుంటూ వీధి చివరి దాకా నడిచేవాడు. అంతసేపూ మా ఆయన తలుపు పట్టుకుని నిలబడి ఉండాలి. హైదరాబాద్‌లో పాత సామాను అమ్మేచోట షాకర్లు వెతికిస్తానని ఒకసారి నాన్నను అడిగాడట. నువ్వుండగా అవెందుకని నాన్న ఆ మాట అక్కడే తుంచేశాడు. మా ఆయన చేతిలో సొంత పైసా లేదు. ఇంకోసారి అడగలేదు.

అన్నం తినేటప్పుడు ఆయన చెయ్యి నోటిదాకా లేవడం లేదని నేనొక రోజు గమనించాను. చేతిని ముద్దతో సహా కంచం పైనే ఉంచి, తలే కిందికి వంచి తింటున్నాడు.  ఎవరికీ చెప్పకుండా ఆన్‌లైన్‌లో నాలుగు రోజులు వెతికి, ఆ మోడల్ షాకర్లు ఒక జత దొరికితే తెప్పించాను. బతుకమ్మ పండుగకు ముందు వచ్చాయి. ఇంతవరకు నేను మంచిదాన్నే.

పెట్టె వచ్చిన మధ్యాహ్నం పచ్చిపులుసు చేశాను. అన్నంలో కలుపుకుని ఒక ముద్ద తిని, వాళ్ళమ్మ చేసేదానిలో ఇంత ఉల్లిగడ్డ ఉండదన్నాడు. ఆ ఒక్క మాటే. నాకు ఒళ్ళు మండింది. ఈయన చేతుల కోసం నేను ఇంత తిరుగుడు తిరిగితే ఈయనకు ఉల్లిగడ్డలు ఎక్కువయ్యాయా అనుకున్నాను. పెట్టెను బీరువాలో దుప్పట్ల వెనక్కు తోసి తాళం వేశాను. రెండు రోజులు అనుభవించనీ, తర్వాత ఇస్తానులే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత, చెప్పకుండా ములుగు పోయి వచ్చాడు. ఇంకో వారం. తర్వాత ఫోనులో వాళ్ళ చెల్లెలితో గంటసేపు నవ్వుతూ మాట్లాడి, నేను పలకరిస్తే ఊఁ అని ఊరుకున్నాడు. ఇంకో పది రోజులు. ప్రతిసారీ ఏదో ఒక కారణం దొరికేది. దొరకనిరోజు నేనే వెతికేదాన్ని. కొన్నాళ్ళకు కారణం కూడా అక్కర్లేకపోయింది.

అబద్ధమెందుకు, నాకు సంతోషంగా ఉండేది. వంటింటి కిటికీలోంచి చూస్తే ఆయన వీపు కనపడేది. చంకల కింద చొక్కా తడిసి, మోచేతులు సన్నగా వణికేవి. నేను తాళం తీస్తే ఆ వణుకు ఆగిపోతుంది. ఆ ఇంట్లో నా చేతిలో ఉన్నదని చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. నాన్నకు ఎదురు చెప్పే ధైర్యం నాకెన్నడూ లేదు. ఆ కసినంతా తీసుకెళ్ళి ఈయన మీద వేశాను. ఒక్కోసారి కావాలనే నాన్నకు టీ అందించి, మాటల్లో పెట్టి, ఇంకో పావుగంట నిలబెట్టేదాన్ని. ఈ సంగతి రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు.

మాఘమాసం పెళ్ళిళ్ళ ముందు హైదరాబాద్ నుంచి షామియానాల వ్యాపారి ఒకాయన వచ్చాడు. కారులోకి ఎక్కించిన కట్టలను ఒక్కొక్కటే దింపించి, విప్పి, అంచులు లాగి చూశాడు. అరగంట పైనే పట్టింది, అంతసేపూ మా ఆయన డిక్కీ తలుపు పట్టుకునే ఉన్నాడు. చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని మా ఆయనను కింది నుంచి పైదాకా చూశాడు.

"మనిషి మంచిగ గట్టిగున్నడు సేటు. నాకియ్యరాదు, మా గోదాంల పెట్టుకుంట."

నాన్న నవ్వాడు. "తీస్కపో. తిండి మాత్రం నీదే."

నేను టీ పళ్ళెంతో గడపలో ఉన్నాను. మా ఆయన తల తిప్పి నన్ను చూశాడు. ఆయన నా మొగుడండీ అనాలి. అనలేకపోయానని రాస్తే అది ఇంకో అబద్ధం. అనలేదు, అంతే. ఆ క్షణాన ఆయన నావాడని చెప్పుకోవడం నాకే నామోషీ అనిపించింది. వ్యాపారికి ఒక కప్పు, నాన్నకు ఒక కప్పు ఇచ్చి, మా ఆయన చేతులు ఖాళీగా లేవు కాబట్టి ఆయన కప్పు గడప మీద పెట్టి లోపలికి వచ్చాను. తర్వాత చూస్తే కప్పు ఖాళీగా ఉంది. చల్లారిందే తాగినట్టున్నాడు.

ఆ సాయంత్రం నా మనసు మనసులో లేదు. దుప్పట్లు తప్పించి పెట్టె తీశాను. అప్పుడైనా ఉన్నమాట చెప్పవచ్చు కదా. చెప్పలేదు. కొరియర్లో ఇవ్వాళే వచ్చిందన్నాను. ఆయన పెట్టెను అటూ ఇటూ తిప్పి, అట్లనా, మంచిదే అన్నాడు. అంతకు మించి ఏమీ అనకపోయేసరికి నా గుండె కుదుటపడింది.

పొద్దున్నే స్క్రూడ్రైవర్, పాత గుడ్డ, కొంచెం కిరోసిన్ పట్టుకుని కారు దగ్గరికి పోయి నన్ను పిలిచాడు. పాతవి ఊడదీస్తే తలుపుకు ఏ ఆధారం ఉండదు, ఎవరో ఒకరు పట్టుకోవాలన్నాడు. కర్ర పెడదామన్నాను.

"మామ ఊకోడు గద" అన్నాడు.

నేను పొట్టిదాన్ని. పీట వేసుకుని ఎక్కి, రెండు చేతులూ పైకెత్తి తలుపు అంచు పట్టుకున్నాను. అంత బరువుంటుందని నాకు నిజంగా తెలియదు. పాత షాకర్లు రెండూ ఊడదీశాడు. కొత్తవి తగిలించే గుండ్రటి మేకులను కిరోసిన్ గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ఒకటి తుడిచాడు, దాని కింద రేకు తుడిచాడు, తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. రోడ్డు మీద ఎనుమాముల మార్కెట్‌కు పోయే మిరప బండ్లు వరసగా పోతున్నాయి. ఘాటుకు నాకు తుమ్ములొస్తుంటే తలుపు ఊగుతోంది. చెమట కళ్ళలోకి దిగుతోంది, తుడుచుకోవడానికి చేతుల్లేవు. జర జల్ది కానియ్ అన్నాను. అయితాంది అన్నాడు.

కుడిపక్కది టక్కున ఎక్కింది. ఎడమపక్కకు వచ్చి, గొట్టం చేతిలో పట్టుకుని, నా మొహం చూడకుండా మాట్లాడాడు.

"ఇవి నిన్న వచ్చినయి కావు. బతుకమ్మప్పుడు వచ్చినయి. వచ్చిన వారానికే చూసిన, నువ్వు తాళం మరిచిననాడు దుప్పటి తీస్తాంటే."

 నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ బీరువాలో పెట్టె ఉందని తెలిసే, నాన్న పిలిచినప్పుడల్లా పోయి ఆ తలుపు కింద నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూస్తున్నానని కూడా ఆయనకు తెలిసే ఉంటుంది.

"మరి అడగలేదేంది?" అన్నాను.

"అడిగితే ఇస్తవు. అడగకుంటే ఇస్తవా అని చూసిన."

నాకు ఏడుపు వచ్చింది. తలుపు వదిలేసి దిగి ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. వదిలితే ఆయన తల మీదే పడుతుందని భయపడి, పళ్ళు బిగపట్టి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. భుజాలు తిమ్మిరెక్కి, చేతులు నావి కానట్టయిపోయాయి. ఎడమపక్కన ఆయన ఏం చేస్తున్నాడో కన్నీళ్ళలో కనపడలేదు. ఆయన సామాను ఏరుకుని నల్లా దగ్గరికి పోయాడు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. తువ్వాలతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ తిరిగొచ్చి నా ముందు నిలబడ్డాడు. పీట మీద ఉన్నాను కాబట్టి మా మొహాలు సమానంగా ఉన్నాయి.

ఇంకెంతసేపు పట్టుకోవాలని అడిగాను.

"అయిపోయి చాలసేపైంది" అన్నాడు.

చేతులు దించాను. తలుపు కదల్లేదు.