చెనక్కాయ నమిలేంత సేపు

యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో పనిచేస్తూ నేను చాలా థీసిస్‌లకు బైండింగ్ వేశాను. అవి రాసినవాళ్ళే రేపు కాలేజీల్లో లెక్చరర్లవుతారు. పాఠం ఎట్లా చెప్పాలో మాత్రం వాళ్ళకు ఎవరూ నేర్పరు. స్కూటర్ నడపడానికి లైసెన్సు అడుగుతారు గానీ, క్లాసునిండా పిల్లల్ని అప్పజెప్పేటప్పుడు ఒకసారి చెప్పి చూపించమనైనా అనరు.

బీఎస్సీ రెండో ఏడాదిలో నేను చదువు మానేసింది అట్లాంటి క్లాసుల్లో కూర్చోలేకే. సారు బోర్డు వైపు తిరిగి రాసుకుంటూ "అర్థమైందా?" అనేవాడు. అందరం "ఆ సార్" అనేవాళ్ళం. ఆయన తుడిచేసేవాడు. ఆ తర్వాత చదివిందంతా లైబ్రరీలో నాకు నేనుగా చదువుకున్నదే. అందుకే లెక్చరర్లంటే నాకు మంట. ఆ మంట తగలని ఒకే ఒక్క మనిషి ఎస్తేరు మేడమ్.

ఆమె చిత్తూరులో డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయింది. వాళ్ళ నాయన కుప్పయ్య తాపీ మేస్త్రీ. ఇప్పటికీ ఆమె ఉండేది పూతలపట్టులోనే. ప్రతి శనివారం అక్కడి జంక్షన్‌లో వేయించిన చెనక్కాయలు కొనుక్కుని బస్సెక్కి తిరుపతికి వస్తుంది. యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు సెమినార్ హాల్లో రీసెర్చి స్కాలర్లకు పాఠం చెప్పడం నేర్పుతుంది. జీతం లేదు. ఒక శనివారం నోట్సు జిరాక్సు తీయించుకుంటూ, "నీకు ఫిజిక్స్ వచ్చునాబ్బా?" అని అడిగింది. నేను చదివింది బాటనీ, రాదన్నాను. "అయితే నువ్వే కావల్ల, రా. మా వాళ్ళు చెప్పేది నీకు తెలిస్తే అందరికీ తెలిసినట్టే" అని హాల్లో ముందు బెంచీలో కూర్చోబెట్టింది. అప్పట్నుంచీ శనివారాలు అక్కడే.

ఆ చెనక్కాయలు ఊరికే తినడానికి కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకు ఒకసారి గొంతు పూర్తిగా పోయిందట. ప్రశ్న బోర్డు మీద రాసి, జవాబు చెప్పలేక అట్లాగే నిలబడిపోయింది. కాసేపటికి ఎన్నడూ నోరు విప్పని పిల్ల లేచి జవాబు చెప్పింది. గొంతు వచ్చాక కూడా ఆమె ఆ మౌనాన్ని వదల్లేదు. ప్రశ్న అడిగాక ఒక కాయ ఒలిచి, నమిలి, మింగాలి. అంతవరకూ మాస్టరు నోరు తెరవకూడదు. ఆమె నేర్పేదంతా దాదాపు ఇదే.

డిపార్ట్‌మెంటు హెడ్ ధర్మేంద్ర గారికి ఇది నచ్చలేదు. ఒక శనివారం హాల్లోకి వచ్చి, "ఎక్కడ చూసినా పొట్టే మేడమ్. మా వాళ్ళు పేపర్లు రాసుకోవాల్సిన టైమిది. హాలు ఇంక ఇవ్వలేం" అన్నాడు.

"ఒకరికన్నా పాఠం చెప్పడం వచ్చిందా లేదా సూసి తీసేయండి సార్."

ఆయన చుట్టూ చూసి మునిశేఖర్ని చూపించాడు. ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేస్తున్నాడు. రీసెర్చిలో అందరికన్నా ముందు, క్లాసులో అందరికన్నా వెనక. పాఠం మొదలుపెడితే ఎక్కడా ఆగడని ఫస్టియర్ పిల్లలు అతనికి పెట్టిన పేరు సప్తగిరి ఎక్స్‌ప్రెస్.

"సోమవారం వీడి క్లాసులో వెనక కూర్చుంటాను. పాఠం అయ్యాక నాకిష్టమైనవాళ్ళని లేపి ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు చెబితే హాలు మీది. లేదంటే తాళం నాకిచ్చేయండి."

ఆయన వెళ్ళగానే మేడమ్ మునిశేఖర్ చేత పాఠం చెప్పించింది. గుండ్రంగా తిరిగే వస్తువు మీద బలం ఎటు వైపు ఉంటుందని అడిగి, ఊపిరైనా తీసుకోకుండా "కేంద్రం వైపు" అనేశాడు.

"ఎవుర్నబ్బా నువ్వు అడిగింది? నిన్ను నువ్వే అడుక్కుంటివా?"

అందరం నవ్వాం. అతను నవ్వలేదు. "ఎవరూ మాట్లాడకపోతే భయమేస్తాది మేడమ్. నాకే రాదనుకుంటారేమో."

"అనుకోనీ. నీ భయానికి ఆ పిల్లోళ్ళ నోరు మూస్తే ఎట్లా? ఇదో, ఒలువు."

ఆ సాయంత్రమంతా అతను అడుగుతూ, నమలుతూ, చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

సోమవారం మేడమ్, నేను కిటికీ పక్కన కూర్చున్నాం. హెడ్ చివరి బెంచీలో కూర్చున్నాడు. మునిశేఖర్ బల్ల మీద ఒక పాత జల్లెడ చట్రం పెట్టాడు. మేడమ్ ఇంట్లోది, వల ఎప్పుడో పోయింది. అంచులో ఒక ముక్క కోసేసి సందు చేశాడు. లోపల గోలీ పెట్టి చూపించాడు.

"ఇది అంచు వెంబడి తిరుగుతా వస్తాది. సందు దగ్గర బయటపడినాక ఎట్లా పోతాది?"

క్లాసు నిశ్శబ్దం. అతను జేబులోంచి కాయ తీసి ఒలిచాడు. పొట్టు విరిగిన చప్పుడు వెనకదాకా వినిపించింది. గింజలు నోట్లో వేసుకున్నాడు. హెడ్ కదిలాడు. "చెప్పవయ్యా, టైమ్ పోతాంది" అన్నాడు. మునిశేఖర్ దవడ మాత్రమే ఆడుతోంది. మేడమ్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు చంద్రగిరి నుంచి వచ్చే లోహిత, ఏడాదంతా గోడకు ఆనుకుని కూర్చున్న పిల్ల, కూర్చునే అంది: "బయటికి ఎగిరిపోతాది సార్."

"కాదులే. తిరిగింది తిరిగినట్టే వంకరగా పోతాది" అన్నాడు ముందు బెంచీ అబ్బాయి.

"నీ తలకాయ. వంకరగా ఎట్లా పోతాది?"

అంతే, క్లాసు రెండుగా చీలింది. మునిశేఖర్ మింగేసి కూడా మాట్లాడలేదు. అరుపులు తగ్గాక గోలీని వేలితో కొట్టాడు. అది అంచు వెంబడి తిరిగి, సందులోంచి బయటపడి, గీత గీసినట్టు నేరుగా పోయి బల్ల మీంచి కింద పడింది.

"ఎందుకు?" అని అడిగి రెండో కాయ తీశాడు. ఒలవక ముందే లోహిత లేచి నిలబడింది. "ఇందాకంతా అంచే కద సార్ లోపలికి తోస్తా ఉండింది. అది లేకపోయె. ఇంక దాన్ని ఎవురు తిప్పుతారు?"

గంట కొట్టే ముందు హెడ్ లేచాడు. లోహితను కాదు, వంకర అన్న అబ్బాయినే లేపాడు. "తిరుమల బస్సు ఘాట్‌లో మలుపు తిరిగేటప్పుడు మనం పక్కవాళ్ళ మీద పడతాం. మనల్ని తోసేదెవరు?"

ఆ అబ్బాయి వెంటనే చెప్పలేదు. హెడ్ నోరు తెరిచాడు. మేడమ్ వైపు చూసి మళ్ళీ మూసుకున్నాడు.

"ఎవురూ తోయరు సార్" అన్నాడు అబ్బాయి, నిదానంగా. "మనం నేరుగా పోతా ఉంటాం. మలుపు తిరిగేది బస్సు."

పిల్లలు బల్లలు చరిచారు. మునిశేఖర్ ఏం చేయాలో తెలియక చేతిలోని కాయ వైపు చూస్తూ నిలబడ్డాడు. లెక్చరర్ల గెలుపు చూసి నాకు సంతోషం కలగడం అదే మొదటిసారి.

హెడ్ కిటికీ దాకా వచ్చి చెయ్యి చాపాడు. తాళం కోసమనుకుని మేడమ్ సంచీ తెరవబోయింది.

"అది కాదు మేడమ్. ఒక కాయ ఇయ్యండి" అన్నాడు. ఒలిచి, నమిలి, పూర్తిగా మింగాక అన్నాడు: "శనివారం ఇంకో ఇద్దర్ని పంపిస్తాను. పొట్టు మాత్రం మీవాళ్ళే ఊడ్చాల."