మోటారు కాలిపోలేదని నాకు తెలుసు బావా

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే బావ నంబర్ నుంచి ఫోన్.

స్క్రీన్ మీద పేరు చూసి నవ్వొచ్చింది. మళ్లీ మోటారు కాలిపోయిందని చెప్తాడులే అనుకుని ఎత్తాను.

బావ గొంతు కాదు.

"అన్నా, నేను ఈడ గొర్లు మేపుకునేవాణ్ణి. ఈ ఫోన్‌లో నీ నంబరే పైన ఉండాది. నిన్నంతా మిషన్ సద్దు లేదని ఈ పొద్దు వచ్చి చూసినా. పెద్దాయప్ప మంచం మీదనే పోయినాడన్నా."

షట్టర్ సగంలోనే వదిలేసి మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఇక్కడున్న మీలో చాలామందికి తిప్పేస్వామి బావ తెలియదు. నేనే ఎప్పుడూ చెప్పలేదు.

మా అక్క భర్త. కంబదూరు దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, అందులో చెక్క కోసే చిన్న మిషన్. పిల్లల్లేరు.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసిన చింతచెట్లు, వానల్లేక నిలువునా ఎండిన వేపచెట్లు, గాలికి ఒరిగిపోయినవి. ఇటుక బట్టీలకు పోవాల్సిన మొద్దుల్ని వెతికి, అడిగి తెచ్చుకునేవాడు. పలకలు కోసేవాడు. ఆ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ల తలుపులు ఆ షెడ్డులో కోసినవో లెక్కలేదు.

బట్టీవాళ్లతో కొట్లాడేవాడు కూడా. "కాల్చేదానికి కంపచెట్లు లేవేమప్పా? ఇంత చెట్టును పొయ్యిలో పెడతారా ఎవురన్నా?"

ఆ మిషన్‌కు ఇద్దరు కావాలి. ఒకరు మొద్దును ట్రాలీ మీద పెట్టి రంపం వైపు తోయాలి. ఇంకొకరు అవతల నిలబడి, తెగి వచ్చే పలకను పట్టుకోవాలి.

పట్టుకునేది మా అక్క.

ఆ హోరులో ఏళ్ల తరబడి నిలబడి బావకు చెవులు పోయాయి. అక్క పెదాలు కదిలితే మాత్రం అర్థమయ్యేది. మిగతా ప్రపంచం ఏమంటోందో అక్కే చెప్పేది.

అక్క పోయి మూడేళ్లు.

తర్వాత మా ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తెలియలేదు. నేను ఉరవకొండలో మోటార్ వైండింగ్ షాపులో బిజీ. ఆయన అక్కడ.

ఫోన్‌లో ఆయనకు హలో కూడా వినిపించదు. చెప్పాల్సింది చెప్పేసి పెట్టేసేవాడు. "శీనా, మోటారు కాలిపోయినాది. వచ్చిపో." అంతే, కట్.

పోయిన ఎండాకాలం అలాగే ఫోన్ చేస్తే షాపు మూసి, రాగి తీగ, సామాన్లు బండికి కట్టుకుని వెళ్లాను.

మోటారు చూస్తే శుభ్రంగా తిరుగుతోంది.

నాకు మండింది. గట్టిగా అరిచాను. "బాగుండాది కదా బావా! అబద్ధం ఎందుకు చెప్పినావు?"

వినిపించనట్టే ఉన్నాడు. ట్రాలీ మీద ఒక పెద్ద చింత మొద్దు. దాన్ని చూపించి, "ఆ పక్క నిలబడు" అన్నాడు.

నిలబడ్డాను. మా అక్క నిలబడే చోట.

మూడో కోతలో బావ ఉన్నట్టుండి మిషన్ ఆపేశాడు. నాకేం తేడా తెలియలేదు. మొద్దు మీద పెట్టిన అరచేతికే ఆయనకు తెలిసింది. ఉలితో తొలిస్తే, చెక్క లోపల బెత్తెడు లోతులో ఒక ఇనుప కడియం.

దాన్ని తుడిచి చాలాసేపు చూశాడు. "ఎవురో ఎద్దును కట్టేసింటారు శీనా. కడియాన్ని మరిచి పోయినారు. చెట్టు లోపలికి తీసుకునింది."

మధ్యాహ్నం గిన్నె మూత తీస్తే రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి. ఇద్దరికి సరిపడా. నేను రాకముందే చేసి పెట్టుకున్నాడు.

అన్నిటికంటే వెడల్పాటి పలకను పక్కన పెట్టుకుంటే, దేనికని సైగ చేశాను.

"బెంచీ చేస్తా. ఎవురన్నా వస్తే కూచోవద్దా?"

నేను మాత్రం టైం చూసుకుంటూ తిన్నాను. షాపు మూసి వచ్చానన్న విసుగు మొహం మీద కనిపించే ఉంటుంది. వినలేని మనిషి, మొహాలే కదా చదివేది. రోడ్డు దాకా నాతో నడిచి వచ్చాడు.

ఇరవై రోజుల కిందట మళ్లీ ఫోన్. "శీనా, మోటారు కాలిపోయినాది. వచ్చిపో."

కాలలేదని నాకు తెలుసు. ఇంట్లో చెప్పి నవ్వాను కూడా. ఆదివారం పోదాంలే అనుకున్నాను. ఒక ఆదివారం పెళ్లి. ఇంకో ఆదివారం ఊరికే పడుకున్నాను.

నిజం రాస్తున్నా, ఊరికే పడుకున్నాను.

నిన్న షెడ్డులోకి వెళ్తే ట్రాలీ మీద సగం కోసిన వేప మొద్దు ఉంది. కింద తాజా రంపపు పొట్టు. అవతలి వైపు మూడు పలకలు నేల మీద పడి ఉన్నాయి, అంచులు విరిగి.

పట్టుకునేవాళ్లు లేక.

వాటిని ఎత్తి గోడకు ఆనించాను. అంతకు మించి ఏం చేయాలో తోచలేదు.

సాయంత్రం మట్టి చేశాం. పదిహేను మంది ఉంటారు. అందరూ ఆయన దగ్గర పలకలు కోయించుకున్నవాళ్లే. నాకు ఒక్కరూ తెలియదు.

ఒక ముసలాయన నా పక్కకు వచ్చి అడిగాడు. "నువ్వెవురప్పా? యా ఊరు?"

"బామ్మర్దిని. ఉరవకొండ."

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా.

"అట్లనా? ఆయప్పకు ఎవురూ లేరనుకుంటిమే."

నేను తల వంచుకుని, పిడికెడు మన్ను వేశాను.

వెళ్లిరా బావా. అక్క దగ్గర నీ మనసు నెమ్మదిగా ఉండాలి.